ముసలి ఛాంపియన్ మీద గెలుపుకు ఎంత విలువ కట్టాలి? ఫ్యూరీ, జాషువా, ఇంకా పాత లెక్కలు

పదోరౌండు:

నిన్న మా బావగారు ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక హెవీవెయిట్ (అన్నిటికంటే పై బరువు తరగతి) బాక్సింగ్‌ను ఏళ్ల తరబడి ఏలిన ఛాంపియన్ వ్లాదిమిర్ క్లిచ్‌కో చివరి రెండు పోరాటాలూ వరసగా పెట్టుకుని చూశాం. మొదటిది 2015 నవంబరు 28న డస్సెల్డార్ఫ్‌లో టైసన్ ఫ్యూరీతో, రెండోది 2017 ఏప్రిల్ 29న వెంబ్లీలో ఆంథోనీ జాషువాతో. అన్నీ అయ్యాక బావగారు ఒక్క మాట అన్నారు: "ఇద్దరూ ఒకే ముసలివాణ్ణి కొట్టారు, ఇందులో గొప్పేముంది?" ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నా మట్టుకు ఆ రెండు గెలుపులూ ఒకటి కావు, ఫ్యూరీదే పెద్దది. అప్పటికి క్లిచ్‌కోకు 39 ఏళ్లు, నిజమే. కానీ పదకొండేళ్లుగా అతనికి ఓటమి లేదు. వరసగా 18 సార్లు ఛాంపియన్ బెల్టు నిలబెట్టుకున్నాడు. పోరు జరిగింది జర్మనీలో, సొంత గడ్డలా చూసుకునే జనం మధ్య. ఆ రాత్రి పన్నెండు రౌండ్లలో అతను తగిలించిన దెబ్బలు 52. రౌండుకు ఐదు కూడా పడలేదు. ఎడమచేతి జాబ్‌తోనే (ముందుచేత్తో సూటిగా విసిరే దెబ్బతోనే) హెవీవెయిట్‌ను ఏలిన మనిషి ఆ జాబ్ వేయడానికే జంకాడు. ఫ్యూరీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ముఖం ముందుకు చాచినా కొట్టలేకపోయాడు.

జాషువా ఎదుటికి వచ్చేసరికి క్లిచ్‌కోకు 41 ఏళ్లు. ఏడాదిన్నరగా బరిలోకి దిగలేదు. పైగా తానూ ఓడిపోగలనని ఒకసారి తెలిసిపోయింది. తలుపు బద్దలు కొట్టినవాడు ఫ్యూరీ, తెరిచిన తలుపులోంచి నడిచినవాడు జాషువా. మీరేమంటారు?

లండన్_తెలుగు:

పదోరౌండు గారూ, నేను ఒప్పుకోను. ఆ రాత్రి నేను వెంబ్లీలో ఉన్నాను. 90,000 మంది జనం. మేము కూర్చున్న పై వరసల నుంచి బరి అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. అయినా ఐదో రౌండులో క్లిచ్‌కో పడ్డప్పుడు పెద్ద తెర వైపు చూడాల్సిన పని లేకపోయింది, కింది వరసల నుంచి లేచిన అరుపు మా కాళ్ల కింద తెలిసింది. ఇక అయిపోయిందని మా ముందున్నాయన కోటు తొడుక్కోవడం కూడా మొదలుపెట్టాడు.

అదే రౌండు ముగిసేసరికి నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నది జాషువా, మీదికి నడుస్తున్నది క్లిచ్‌కో. ఆరో రౌండులో క్లిచ్‌కో కుడిచేయి సూటిగా వచ్చి తగిలింది. జాషువా నేలమీద పడ్డాడు. లేచాడు గానీ కాళ్లు అతని మాట వినడం లేదు. ఆ తర్వాత రెండు మూడు రౌండ్లు 27 ఏళ్ల కుర్రాడు ఎలా నెట్టుకొచ్చాడో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. పదకొండో రౌండులో జాషువా అప్పర్‌కట్ (కింది నుంచి గడ్డం మీదికి వచ్చే దెబ్బ) పడింది. క్లిచ్‌కో రెండుసార్లు పడి రెండుసార్లూ లేచాడు. చివరికి తాళ్ల దగ్గర నిలబడి ఉండగా రిఫరీ ఆపాడు.

మీరు చెప్పిన 52 దెబ్బల లెక్క సరైనదే, కానీ ఆ రాత్రి ఫ్యూరీ తగిలించినవి కూడా 86 మాత్రమే. ఫ్యూరీ కొట్టనివ్వలేదని మీరంటున్నారు, క్లిచ్‌కో చేయి ఆ రాత్రి లేవలేదని నేనంటాను. వెంబ్లీలో అదే చేయి లేచింది, ఎదుటివాణ్ణి పడగొట్టింది కూడా. గెలిచినవాడు ఓటమి అంచు దాకా వెళ్లి వచ్చాడు. ఎదుటివాడు చచ్చిన పాము అయితే అది జరిగేదా?

పాత_రీళ్లు:

ఈ వాదన మొదలైంది 2015లో కాదు. 1951 అక్టోబరు 26న, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రాకీ మార్సియానో జో లూయిస్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టిన రోజు నుంచీ నడుస్తోంది. ఆ రీలు ఎన్నిసార్లు చూసినా గుండె బరువెక్కుతుంది. ముందు ఎడమ హుక్‌కు (పక్క నుంచి వంపుగా వచ్చే దెబ్బకు) పడ్డాడు లూయిస్. లేచాడు. తర్వాత కుడిచేతి దెబ్బకు తాళ్ల మధ్య నుంచి వెనక్కి వాలి బరి అంచు మీద పడ్డాడు, ఒక కాలు తాడు మీదే వేలాడుతోంది. రిఫరీ పది దాకా లెక్క కూడా పెట్టలేదు. ఆ తర్వాత మార్సియానో లూయిస్ గదికి వెళ్లి ఏడ్చాడు.

అప్పటికి లూయిస్‌కు 37 ఏళ్లు. బెల్టును 25 సార్లు నిలబెట్టుకుని 1949లో తప్పుకున్న మనిషి మళ్లీ ఎందుకు వచ్చాడు? పన్ను బాకీలు. యుద్ధకాలంలో సైన్యం, నౌకాదళం సహాయ నిధులకు తన పోరాటాల సొమ్ము ఇచ్చేసినవాడి మీదే ప్రభుత్వం పన్ను వేసింది. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇక మీ చర్చకు పనికొచ్చే సంగతి. పదకొండు నెలల తర్వాత, 1952 సెప్టెంబరు 23న, ఫిలడెల్ఫియాలో మార్సియానో జెర్సీ జో వాల్కాట్‌ను 13వ రౌండులో నాకౌట్ చేసి ఛాంపియన్ అయ్యాడు. లూయిస్, వాల్కాట్ ఇద్దరూ పుట్టింది 1914లోనే. వాల్కాట్ జనవరిలో, లూయిస్ మేలో. అంటే వాల్కాటే నాలుగు నెలలు పెద్ద! కానీ ఆ రాత్రి వాల్కాట్ తన జీవితంలోకెల్లా గొప్పగా ఆడాడు. మొదటి రౌండులోనే మార్సియానోను పడగొట్టాడు. 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల కాగితాల మీదా వాల్కాటే ముందున్నాడు. 13లో ఒక్క కుడిచేతి దెబ్బ కథ మార్చింది.

ఒకే ఏడు పుట్టిన ఇద్దరు, ఒకే బాక్సర్ చేతిలో, ఏడాదిలోపే ఓడారు. ఒకడు అప్పటికే ముగిసినవాడు, మరొకడు పతాక స్థాయిలో ఉన్నవాడు. వయసు అంకె చూసి తీర్పు చెప్పేవాళ్లు దీనికి ఏ సమాధానం చెబుతారో వినాలని ఉంది.

ఎడమచేతివాటం:

పాత_రీళ్లు గారి మాటే నాదీ. అయితే వయసు కాకపోతే దేన్ని చూడాలి? నేను రెండే చూస్తాను. ఆ పోరుకు ముందు ఏడాది రెండేళ్లలో ఆ పెద్దాయన ఏం చేశాడు? ఆ పోరు తర్వాత ఏం చేశాడు?

బెర్నార్డ్ హాప్కిన్స్ సంగతి తీసుకోండి. 2008 ఏప్రిల్‌లో జో కాల్జాగీ అతణ్ణి ఓడించాడు. మొదటి రౌండులోనే కాల్జాగీ కింద పడ్డాడు, చివరికి జడ్జీలలో ఇద్దరు కాల్జాగీ వైపు, ఒకరు హాప్కిన్స్ వైపు. హాప్కిన్స్‌కు 43 ఏళ్లు కాబట్టి "43 ఏళ్లవాణ్ణి కూడా తేలిగ్గా ఓడించలేకపోయాడు" అని అప్పట్లో కాల్జాగీని చాలామంది చిన్నచూపు చూశారు. ఆరు నెలలు తిరగకుండానే హాప్కిన్స్ ఏం చేశాడు? ఓటమి ఎరుగని కెల్లీ పావ్లిక్‌కు పన్నెండు రౌండ్లూ పాఠం చెప్పాడు. 2011 మేలో మాంట్రియల్‌లో జాన్ పాస్కల్‌ను ఓడించి 46 ఏళ్ల వయసులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. జార్జ్ ఫోర్‌మన్ 45 ఏళ్లకు నెలకొల్పిన రికార్డు దానితో పోయింది. 48 ఏళ్లకు మళ్లీ ఒక బెల్టు గెలిచాడు. అంటే కాల్జాగీ ఓడించినది ముసలివాణ్ణి కాదు, ఒక గొప్ప బాక్సర్‌ని. ఆ విలువ ఆ రాత్రి ఎవరికీ కనిపించలేదు, హాప్కిన్సే తర్వాత కష్టపడి పెంచాడు.

అదే కాల్జాగీ అదే ఏడాది నవంబరులో రాయ్ జోన్స్ జూనియర్‌నూ ఓడించాడు. దానికి నేను పెద్ద విలువ కట్టను. 39 ఏళ్ల జోన్స్ 2004లోనే రెండుసార్లు నాకౌట్ అయినవాడు. 46 పోరాటాలు, 46 గెలుపులు అని రాసుకున్న కాల్జాగీ లెక్కలో ఈ రెండు పేర్లూ పక్కపక్కనే మెరుస్తాయి. కానీ రెండింటి బరువూ ఒకటి కాదు.

గోదావరిగట్టు:

ఎడమచేతివాటం గారి కొలబద్ద బాగుంది, కానీ ఒకచోట విరిగిపోతుంది. జోన్స్ పేరు మీరే ఎత్తారు కాబట్టి అక్కడికే వస్తాను.

2003 మార్చిలో జోన్స్ హెవీవెయిట్‌కు ఎక్కి జాన్ రూయిజ్‌ను ఓడించాడు. చాలా కింది బరువు తరగతి అయిన మిడిల్‌వెయిట్‌లో మొదటి బెల్టు గెలిచినవాడు హెవీవెయిట్ బెల్టు గెలవడం శతాబ్దానికి ఒకసారి జరిగే పని. ఆ పెంచిన కండ అంతా కరిగించి మళ్లీ తన పాత బరువు తరగతి లైట్ హెవీవెయిట్‌కు దిగాడు. నవంబరులో ఆంటోనియో టార్వర్ మీద కష్టపడి గెలిచాడు. 2004 మేలో అదే టార్వర్ రెండో రౌండులో ఒక్క ఎడమచేతి దెబ్బతో పడుకోబెట్టాడు. నాలుగు నెలలకే గ్లెన్ జాన్సన్ చేతిలో మళ్లీ నాకౌట్. ఆ తర్వాత జోన్స్ పాత జోన్స్ కాలేదు.

"తర్వాత ఏం చేశాడు" అని చూస్తే టార్వర్ ఓడించినది ముగిసిపోయినవాణ్ణి అని తేలుతుంది. నేను అలా అనుకోను. జోన్స్‌ను ముగించినది టార్వరే. ఆ దెబ్బ పడిన క్షణం దాకా ప్రపంచంలో ఎవరూ జోన్స్‌ను ముసలివాడు అనలేదు. ముసలివాణ్ణి ఓడించడం వేరు, ఎదుటివాణ్ణి ఒక్క రాత్రిలో ముసలివాణ్ణి చేయడం వేరు. రెండోదే పెద్ద పని. మీ కొలబద్ద మాత్రం దాన్ని చిన్నది చేస్తోంది.

డస్సెల్డార్ఫ్‌లో ఫ్యూరీ చేసింది కూడా అదే అని నా నమ్మకం.

ఇందూరు_గ్లోవ్స్:

నేను జిల్లా స్థాయి దాకా ఆడాను. ఇప్పుడు సాయంత్రాలు మా నిజామాబాద్‌లో పిల్లలకు నేర్పుతుంటాను. వయసు వచ్చిన బాక్సర్‌కు ముందు ఏం పోతుందో దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

బలం పోదు. దెబ్బలో పస చివరిదాకా ఉంటుంది. ముందుగా పోయేవి కాళ్లు. దెబ్బ తప్పించుకోవడానికి వేసే అరడుగు అడుగు ఆలస్యమవుతుంది. ఆ తర్వాత చేయి. ఎదుటివాడి గడ్డం దగ్గర సందు కనిపిస్తుంది, కన్ను చూస్తుంది, చేయి బయలుదేరేసరికి సందు మూసుకుంటుంది. పాతికేళ్ల కుర్రాడితో ముప్పై అయిదేళ్లవాడు ప్యాడ్స్ కొడుతుంటే తేడా తెలియదు. ఎదురుగా కదిలే మనిషిని పెడితే రెండో రౌండులోనే బయటపడుతుంది.

ఈ రెండూ పోయినవాడితో ఆడటం ఎలా ఉంటుందో చూడాలంటే 1980 అక్టోబరు 2 చూడండి. లాస్ వెగాస్‌లో లారీ హోమ్స్, మహమ్మద్ అలీ. అలీకి 38 ఏళ్లు. జుట్టుకు రంగు వేసుకుని, బరువు తగ్గి, చూడటానికి పదేళ్ల కిందటి అలీలాగే ఉన్నాడు. ఆ బరువు తగ్గడంలో థైరాయిడ్ మందు పాత్ర ఉందని తర్వాత తెలిసింది. బరిలోకి దిగాక చెమట పట్టని శరీరం, లేవని చేతులు. జడ్జీలు ఒక్క రౌండు కూడా అలీకి ఇవ్వలేదు. హోమ్స్ కొట్టి, ఆగి, ఇక ఆపండి అన్నట్టు రిఫరీ వైపు చూస్తాడు. ఒకప్పుడు అలీకి ప్రాక్టీసు జోడీగా పనిచేసి, ఆయన దగ్గరే నేర్చుకున్న మనిషి. పదో రౌండు తర్వాత అలీ శిక్షకుడు ఏంజెలో డండీ ఆపేశాడు. హోమ్స్ కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఈ గెలుపును హోమ్స్ ఘనత కింద రాసినవాళ్లను నేను చూడలేదు. హోమ్స్ కూడా రాసుకోలేదు. 1981 డిసెంబరులో బహామాస్‌లో ట్రెవర్ బెర్బిక్ కూడా అలీని ఓడించాడు. ఈ రోజు బెర్బిక్ పేరు వినబడేది ఇరవై ఏళ్ల మైక్ టైసన్ చేతిలో పడినవాడిగానే.

పాత_రీళ్లు:

ఇందూరు_గ్లోవ్స్ గారూ, ఆ హోమ్సే రెండో అంకంలో ఎలా కనిపిస్తాడో చూడండి.

1988 జనవరి 22, అట్లాంటిక్ సిటీ. ఇప్పుడు 38 ఏళ్లు హోమ్స్‌కు. ఎదురుగా 21 ఏళ్ల మైక్ టైసన్. హోమ్స్ దాదాపు రెండేళ్లుగా ఆడలేదు. నాలుగో రౌండులో మూడుసార్లు పడ్డాడు, ముగిసింది. అందరూ ఏమన్నారు? "ముసలివాణ్ణి కొట్టాడు." అలీ విషయంలో హోమ్స్ విన్న మాటే టైసన్ కూడా విన్నాడు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1992 ఫిబ్రవరిలో 42 ఏళ్ల హోమ్స్, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన, ఓటమి లేని రే మెర్సర్‌ను మూల నుంచి మూలకు తిప్పి పాయింట్ల మీద ఓడించాడు. నాలుగు నెలలకు అప్పటి ఛాంపియన్ హోలీఫీల్డ్ ముందు పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. మొత్తం 75 పోరాటాల్లో హోమ్స్‌ను నిర్ణీత సమయంలోపు ఆపగలిగినవాడు టైసన్ ఒక్కడే. అలాంటప్పుడు 1988 నాటి ఆ నాలుగో రౌండును "ముసలివాడి మీద గెలుపు" అని ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం కాదా?

లండన్_తెలుగు:

దీనికి తోడు ఇంకొకటి. 2002 జూన్‌లో మెంఫిస్‌లో లెనాక్స్ లూయిస్ ఎనిమిదో రౌండులో టైసన్‌ను పడగొట్టినప్పుడు "టైసన్ అప్పటికే ముసలివాడయ్యాడు" అన్నారు అందరూ. నిజానికి ఆ ఇద్దరిలో పెద్దవాడు లూయిస్. టైసన్‌కు 36 నిండటానికి ఇంకా మూడు వారాలుంది, లూయిస్‌కు 36 దాటి తొమ్మిది నెలలైంది. టైసన్ అరిగిపోయాడు, నిజమే. కానీ ఆ అరుగుదలకు కారణం పుట్టినరోజులు కావు.

యాభైకేజీలు:

నేను ఇక్కడ కొత్త. ఎప్పుడూ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. అందరూ హెవీవెయిట్ల గురించే మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఇదంతా చదువుతుంటే నిఖత్ జరీన్, మేరీ కోమ్ గుర్తొస్తున్నారు. 2019లో టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్ (ఎంపిక పోటీ) లేకుండానే పంపుతారన్న వార్త వస్తే, నిఖత్ ట్రయల్ పెట్టమని క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. చివర్లో చేయి కలపలేదు.

తర్వాత నిఖత్ రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది, కానీ మేరీ కోమ్‌ను మాత్రం ఓడించలేదు. మీ లెక్కల ప్రకారం అది ఆమె ఘనతలో లోటవుతుందా? ఇది నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఇందూరు_గ్లోవ్స్:

యాభైకేజీలు గారూ, స్వాగతం. నిఖత్ మా నిజామాబాద్ అమ్మాయే కాబట్టి ఈ ప్రశ్న మా ఊరిలో ప్రతి టీకొట్టు దగ్గరా నలిగింది.

ఆ 9-1 రోజు మా శిష్యులు కొందరు ఏడ్చారు. కానీ ఎడమచేతివాటం గారి కొలబద్దనే ఇక్కడ పెట్టి చూడండి. మేరీ కోమ్ 2018లో ఆరోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది, అది ట్రయల్‌కు ఏడాది ముందు. ట్రయల్ తర్వాత టోక్యోకు అర్హత సాధించింది. అక్కడ కొలంబియాకు చెందిన ఇంగ్రిత్ వాలెన్సియా చేతిలో 3-2 తేడాతో ఓడింది. అంటే 2019 డిసెంబరులో నిఖత్ ఓడింది పేరు మాత్రమే మిగిలిన ఛాంపియన్ చేతిలో కాదు, ఇంకా కాళ్లు చెప్పినట్టు వినే ఛాంపియన్ చేతిలో.

ఇప్పుడు ఇంకో ట్రయల్ చూడండి. 2022 జూన్‌లో కామన్వెల్త్ క్రీడల కోసం మేరీ కోమ్, యువ బాక్సర్ నీతూ ఘంఘస్ తలపడ్డారు. మొదటి రౌండులోనే మేరీ కోమ్ మోకాలు మెలిక పడింది, ఆమె నిలబడలేకపోయింది. నీతూ గెలిచినట్టు ప్రకటించారు. నీతూ ఆ ఏడాది బర్మింగ్‌హామ్‌లో స్వర్ణం, మరుసటి ఏడాది ప్రపంచ స్వర్ణం గెలిచింది. ఆమె గురించి చెప్పేటప్పుడు "మేరీ కోమ్‌ను ఓడించింది" అని ఎవరైనా అంటారా? అనరు. కాగితం మీద గెలుపు నీతూకు ఉంది, నిఖత్‌కు లేదు. అయినా ఆ కాగితం ఇద్దరిలో ఎవరి స్థాయినీ మార్చలేదు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో థాయిలాండ్ బాక్సర్‌ను 5-0తో ఓడించినప్పుడు నిఖత్ ముఖం చూడండి. దానికి మేరీ కోమ్ మీద గెలుపు జత చేయాల్సిన అవసరం నాకు కనబడదు.

గోదావరిగట్టు:

ఈ జవాబుకు నా నమస్కారం. నీతూ సంగతి నాకు తట్టనే లేదు.

లండన్_తెలుగు:

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఫ్యూరీ క్లిచ్‌కోను "ముసలివాణ్ణి చేశాడు" అని గోదావరిగట్టు గారన్నారు. అది తేలాలంటే రెండో పోరు జరగాలి. 2016 జూలైలో మాంచెస్టర్‌లో అనుకున్నారు, ఫ్యూరీ చీలమండ గాయంతో ఆగింది. అక్టోబరులో అనుకున్నారు, అదీ ఆగింది. ఫ్యూరీ బెల్టులన్నీ వదిలేశాడు. ఆ రోజుల్లో అతను మానసికంగా ఎంత నలిగాడో అందరికీ తెలుసు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏమీ తేలకుండా మిగిలిపోయింది కదా.

ఎడమచేతివాటం:

అవును. పైగా క్లిచ్‌కో వెంబ్లీ తర్వాత మళ్లీ ఆడలేదు, 2017 ఆగస్టులో తప్పుకున్నాడు. కాబట్టి "తర్వాత" అనేది జాషువా గెలుపుకు లేనే లేదు. ఫ్యూరీ గెలుపుకు "తర్వాత" అంటే వెంబ్లీయే. అక్కడ 41 ఏళ్లకు క్లిచ్‌కో అలా పోరాడాడంటే, డస్సెల్డార్ఫ్‌లో 39 ఏళ్లకు ముగిసిపోయి ఉండడు. చిత్రం ఏమిటంటే, జాషువా మీద క్లిచ్‌కో ఎంత బాగా ఆడితే ఫ్యూరీ గెలుపు అంత పెరుగుతుంది. లండన్_తెలుగు గారు కళ్లారా చూసిన ఆ ఆరో రౌండు ఫ్యూరీకి కూడా సాక్ష్యమే.

లండన్_తెలుగు:

ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. కాసేపు సమయమివ్వండి.

పదోరౌండు:

అందరికీ ధన్యవాదాలు. నేను మొదట రాసినదాంట్లో ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెరిచిన తలుపులోంచి నడిచాడు అని జాషువాను అన్నాను. ఆరో రౌండు నిన్న రాత్రి మళ్లీ చూశాను, అది తెరిచిన తలుపు కాదు. ఫ్యూరీ గెలుపే పెద్దదని ఇప్పటికీ అంటాను, కానీ మొదట అనుకున్నంత తేడా లేదు.

బావగారు వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నారు. ఈసారి క్లిచ్‌కోను పక్కన పెట్టి పాత_రీళ్లు గారు చెప్పిన రెండూ చూపిస్తాను. ముందు జో లూయిస్ ఎనిమిదో రౌండు, వెంటనే వాల్కాట్ మొదటి రౌండు నుంచి 13 దాకా. ఆ ఇద్దరూ పుట్టింది ఒకే ఏడని చివర్లో చెబుతాను, ముందు చెప్పను.

పాత_రీళ్లు:

12వ రౌండు విరామంలో మార్సియానో ముఖం దగ్గర ఆపి చూపించండి. నెత్తి మీద తెగిన గాయం కనిపిస్తుంది. అప్పటికి అతను ఓడిపోతున్నాడు.